మంచి పాలు

మార్కాపురంలో మా వెనకింటి కోడలు పలకల గనిలో రాళ్లు మోసేది. నడుం నొప్పికని పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టిన సారా, కడుపుతో ఉన్నప్పుడూ మానలేదు. బిడ్డ పిడికెడంత పుట్టింది.

ఆమెకు బిడ్డ మీద ప్రేమ లేదన్నవాళ్లంటే నాకిప్పటికీ ఒళ్లు మంట. తాగిన రోజు పాలిచ్చే ముందు, గడప పక్కన నాపరాయి మీద తొలి ధారలు పిండేసేది.

"సారా అంతా ముందొచ్చే పాలల్లోనే పోతాదక్కా. ఇంక మంచి పాలే," అనేది.

ఒంట్లో సారా ఉన్నంతసేపూ పాలల్లోనూ ఉంటుందని ఎన్నోసార్లు చెప్పాను.

"నా బిడ్డ సంగతి నాకు తెలీదా ఏంది?" అని నొచ్చుకునేది. బిడ్డ ఏడవకుండా ఎప్పుడూ నిద్రపోతుంటే, బుద్ధిమంతురాలని మురిసిపోయేది.

మూడో నెలలో ఒక ఉదయం ఆ బిడ్డ లేవలేదు.

పాతిపెట్టిన మర్నాడు వెళ్లేసరికి ఆమె నాపరాయి ముందు కూర్చుని ఉంది. పాలు గడ్డకట్టి రొమ్ములు సలుపుతుంటే పిండుకుంటోంది. తొలి ధారలతో ఆపలేదు. పాలు రాయి మీద నుంచి జారి మట్టిలో ఇంకుతున్నాయి.

"నిన్నటి నుంచి చుక్క ముట్టలేదక్కా," అంది, తలెత్తకుండానే. "ఇయన్నీ మంచి పాలే."