పొగ రాని బొగ్గులు

ఆ పొద్దున మా అక్క ఓబులమ్మ వంటింట్లోకి వచ్చి, చేతిలోని పింగాణీ పళ్లెం గట్టు మీద పెట్టబోయి గట్టుకు జానెడు ఇవతలే వదిలేసింది. పళ్లెం పగిలింది. ఆమె నవ్వింది.

"కండ్లకు గట్టు ఒకకాడ, చేతికి ఒకకాడ ఉండాది రా సుబ్బన్నా."

తల బరువుగా ఉందని, కడుపులో తిప్పుతోందని చెప్పింది. పెరట్లో ఎండకు కాసేపు కూర్చుంది. తగ్గిపోయింది. మళ్లీ లోపలికి పోయింది. జబ్బు మొదలైన రోజు అదే. దాన్ని జబ్బని మేం అనుకోలేదు.

అప్పుడు మేం కువైట్‌లో ఉన్నాం. 1990 ఎండాకాలంలో వచ్చిన ఇరాక్ సైన్యం చలికాలానికి కూడా కదల్లేదు. మాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ ఇల్లు ఫహాహీల్‌కు కాస్త ఎగువన ఉండేది. చమురు బావుల ఇంజనీర్ల కోసం ఎప్పుడో ఇంగ్లీషు పద్ధతిలో కట్టిన పాత ఇల్లు. నేను డ్రైవర్ని, అక్క ఇంటిపని చేసేది. సైన్యం రాకముందే కఫీల్ భార్యాబిడ్డలతో సెలవులకు విదేశం వెళ్లి అక్కడే చిక్కుకుపోయాడు. మంచం మీదున్న ఆయన తల్లి మాత్రం ఇంట్లో మిగిలింది. అక్కడ ఇంటి యజమానురాలిని మామా అంటారు; ఆమెను మేం పెద్ద మామా అనేవాళ్లం.

మా రాజంపేట పక్క వాళ్లంతా గుంపులు గుంపులుగా బస్సులెక్కి బాగ్దాద్ మీదుగా వెళ్లిపోయారు. మనమూ పోదామని నేనన్నాను.

"నువ్వు పో. ఈ ముసిలామెకు నీళ్లు ఎవురు తాపుతారు? ఆ తుపాకులోళ్లా?" అంది అక్క.

"నువ్వు రాకుంటే నేనూ పోను."

"అట్లయితే నోరు మూసుకోని ఆ బియ్యం ఏరు."

భర్త పోయాక, కూలి చేసి నన్ను చదివించిన మనిషి ఆమె. ఆ చదువుతోనే నేను ప్రొద్దుటూరు హేతువాదుల వేదికల మీద దేవుడు లేడని గొంతు చించుకున్నాను. అక్క ఆ సభలకు వచ్చి వెనక వరసలో కూర్చునేది. అయిపోయాక, "బాగా అరిచినావు, ఇంక అన్నం తిను" అనేది. అంత పదునైన నోరు నేను ఏ వేదిక మీదా చూడలేదు. ఈ రాతలో నేను చెప్పేదంతా ఆ నోరు ఏమైందనే.

జనవరిలో బాంబులు మొదలయ్యాక కరెంటు ఉండీ ఉండనట్టయింది. కువైట్ చలి తెలియనివాళ్లు ఎడారి అనగానే ఎండే అనుకుంటారు. ఆ చలి ఎముకల్లోకి దిగుతుంది. పెద్ద మామా వణుకుతుంటే మంచం కూడా శబ్దం చేసేది. హాలు పక్క గదిలో గోడలో కట్టిన నిప్పుగూడు ఉంది. దాని మీంచి చిమ్నీ ఇంటి కప్పు దాటి పైకి పోతుంది. మంచం ఆ గదిలోకి జరిపాం.

కట్టెలు వేస్తే చిమ్నీలోంచి పొగ లేస్తుంది. వీధి చివర సైనికుల చెక్‌పోస్టు. ఇంట్లో మనుషులున్నారని తెలిస్తే తలుపులు బద్దలు కొట్టి వస్తున్నారు. ఇల్లు ఖాళీ అనిపించేలా కిటికీలు బిగించి, లోపల కంబళ్లు కట్టి బతుకుతున్నాం. అప్పుడు అక్కకే తోచింది. మాంసం కాల్చుకోవడానికి కొన్న బొగ్గుల బస్తా షెడ్డులో ఉంది.

"బొగ్గులయితే పొగ రాదు కదరా. మన పక్క బాలింత గదిలో కుంపటి పెట్టి తలుపు ముయ్యమా? తల్లీబిడ్డా వెచ్చగా పడుకోరా?"

మంచి ఆలోచన అనిపించింది నాకు. బొగ్గులు పెరటి మూల చాటుగా రాజేసి, ఎర్రగా కణకణలాడాక రేకు మీద తెచ్చి నిప్పుగూట్లో పోసేవాళ్లం. నేను పెరట్లో నిలబడి చిమ్నీ వైపు చూశాను. పైన ఏమీ లేదు. సైనికులకు మేం కనబడలేదని సంబరపడ్డాం.

పళ్లెం పగిలింది ఆ తర్వాతే. ఇక అదే వరస అయింది. గదిలో కూర్చుంటే తలనొప్పి, వంటింట్లోకి వస్తే కొంచెం నయం, పెరట్లోకి వస్తే పూర్తిగా నయం. పెద్ద మామా నిద్ర ఎక్కువ పోతోంది. వెచ్చదనానికి అనుకున్నాం.

"నీకు దేవుడు ల్యాడు, దయ్యం ల్యాదు," అంది అక్క ఒకరోజు కణతలు నొక్కుకుంటూ. "మరి ఈ గదిలోకి రాంగానే నా నెత్తిన ఎక్కి కూసునేది ఎవురు రా?"

"ఆకలి," అన్నాను. ఒక్క పూట తింటున్నాం అప్పుడు.

"ఆకలి ఈ గదిలోనే ఎక్కుతాదా? వంటింట్లో ఎక్కాల గదా, ఆడ కదా గిన్నెలు ఖాళీగా ఉండేది!"

ఇద్దరం నవ్వుకున్నాం. ఆమె అడిగిన ప్రశ్న ఎంత సరైనదో ఇప్పటికీ తలచుకుంటాను. ఆ గదిలోనే ఎందుకు? ఏ శాస్త్రానికైనా మొదటి ప్రశ్న అదే.

నేను గేటు పక్క డ్రైవరు గదిలో పడుకునేవాణ్ణి. ఒక ఉదయం వెనకదారిన పోయి రొట్టెల వరసలో నిలబడి, దొరికిన ఖుబ్జ్ రొట్టెలు పట్టుకుని వచ్చాను. పిలిస్తే పలకలేదు. తలుపు సందులోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి ఉంది. తలుపు తీయడానికి పాక్కుంటూ వచ్చి, సగం తీసి, గడప మీద పడిపోయింది అక్క. ఆ సందులోంచి వచ్చిన గాలే ఆమెకు ఊపిరి మిగిల్చింది. మంచం మీద పెద్ద మామా చనిపోయి ఉంది.

ఇద్దరి చెంపలూ ఎర్రగా ఉన్నాయి. నా అరుపులకు పరిగెత్తుకొచ్చిన పక్కింటి ముసలావిడ పెద్ద మామా ముఖం చూసి, "నూర్! ముఖంలో వెలుగు చూడు, స్వర్గానికి పోయింది" అని ఏడ్చింది. ఆమె దుఃఖం మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ ఎరుపు ఏమిటో ఆ రోజే డాక్టర్ చెప్పాడు.

పక్కింటివాళ్ల పాత పికప్‌లో అక్కను వేసుకుని పోయాం. చెక్‌పోస్టు సైనికుడు తొంగి చూసి, చచ్చిందనుకుని, "యల్లా, యల్లా" అని పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు.

ఆసుపత్రిలో పరికరాలు చాలావరకు సైనికులు ఎత్తుకుపోయారు. నిద్రలేని కళ్లతో ఉన్న పాలస్తీనా డాక్టర్ రెండే ప్రశ్నలు అడిగాడు. "చార్‌కోల్? క్లోజ్డ్ రూమ్?" అవునన్నాను. "కార్బన్ మోనాక్సైడ్. రంగు చూసి బాగుందనుకోవద్దు. రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోట అది కూర్చుంటుంది, ఆ ఎరుపు దానిదే." వాసన లేదు, రంగు లేదు, కంటికి మంట లేదు అని చెప్పాడు.

అక్కడ ఒక తెలుగు నర్సు ఉంది, రూతమ్మ, నరసాపురం పక్క మనిషి. వెళ్లిపోకుండా ఉండిపోయిన కొద్దిమందిలో ఒకరు. అక్క ముఖానికి మాస్కు పెడుతూ ప్రార్థన గొణుగుతోంది. నాకు ఒళ్లు మండింది.

"ప్రార్థనతో కాదమ్మా, ఆక్సిజన్‌తో బతకాలి."

"అలాగేనండి. మీ ఉపన్యాసం తర్వాత విందాం తమ్ముడూ, ముందు ఈ మాస్కు జారకుండా పట్టుకోండి. ప్రార్థనకి నా చేతులక్కర్లేదు, నోరు చాలు."

పట్టుకున్నాను. సాయంత్రానికి అక్క కళ్లు తెరిచింది. అప్పటికే సిలిండర్ తీసి, పొట్టలో తూటా దిగిన కుర్రాడికి పెట్టాల్సి వచ్చింది. "ఇంకా ఇవ్వాలి. నా దగ్గర లేదు," అన్నాడు డాక్టర్. మేం బయల్దేరేటప్పుడు ఇంకో మాట చెప్పాడు. "నార్మల్‌గా కనిపిస్తుంది. నమ్మొద్దు. కొన్ని వారాలు చూడండి. మెదడుకు డిలేడ్ డ్యామేజ్ రావచ్చు."

నిజంగానే నార్మల్‌గా కనిపించింది. పక్కింటివాళ్లు పెద్ద మామాను పూడ్చిన చోటు అడిగి, ఏడ్చింది. నా గదిలో పడుకుని, నేను వండిన పప్పు తిని, "దీనికంటే ఆ గ్యాసే మేలు రా" అంది. నేను పడీపడీ నవ్వాను. అలా ఆమె చేసిన చివరి వేళాకోళం అదేనని నాకెలా తెలుస్తుంది?

సైన్యం పారిపోతూ చమురు బావులకు నిప్పు పెట్టింది. పట్టపగలు దీపం వెలిగించుకోవాల్సి వచ్చింది. వీధుల్లో జనం నల్లటి ఆకాశం కింద జెండాలు ఊపుతున్నారు. ఆ రోజుల్లోనే అక్క టీలో ఉప్పు వేసింది. తర్వాత టీ పెట్టడమే మానేసింది. పెరటి మధ్యలో నిలబడితే నిలబడినట్టే ఉండిపోయేది. అడుగులు చిన్నవయ్యాయి, చేతులు బిగుసుకున్నాయి. చీర తడిసినా ఆమెకు తెలిసేది కాదు. రూతమ్మ చూడ్డానికి వచ్చి, "అక్కగారూ, నేనెవర్నండీ?" అని అడిగింది. అక్క ఆమె నోటి వైపు చూసింది, అంతే. ఈసారి రూతమ్మ ప్రార్థన చేయలేదు. గోడ వైపు తిరిగి నిలబడింది.

బావుల పొగ పీల్చడం వల్లేనని అందరూ అన్నారు. కనబడే పొగ మీద నేరం మోపడం సులువు. ఆ పొగ మేమందరమూ పీల్చాం.

దారులు తెరుచుకున్నాక కఫీల్ తిరిగొచ్చాడు. తల్లి గదిలో చాలాసేపు కూర్చుని, "నసీబ్" అన్నాడు. తలరాత అని. ఆయన్ను బతిమాలి చిమ్నీ చూడ్డానికి ఒక పంజాబీ మేస్త్రీని పిలిపించాను. మేస్త్రీ వెంట నేనూ కప్పెక్కాను.

చిమ్నీ లోపల మట్టిగొట్టాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. దాన్ని లైనర్ అంటారు. నిప్పు వేడీ గ్యాసూ ఇటుకల సందుల్లోంచి ఇంట్లోకి రాకుండా అది తిన్నగా పైకి పంపాలి. ఈ ఇంటి లైనర్ అతుకుల్లో సున్నం రాలిపోయింది. ఒక గొట్టం పగిలి, దాని పెంకు జారి, చిమ్నీ వంపు తిరిగే చోట అడ్డంగా ఇరుక్కుంది. దాని మీద పావురాలు పుల్లలు పేర్చాయి. పుల్లల మీద ఏళ్ల నాటి మసి గడ్డకట్టింది. మేస్త్రీ బ్రష్షుకు కర్ర మీద కర్ర తగిలించి పొడుస్తుంటే కిందికి ఏమీ రాలేదు. చివరికి గదివైపు గోడ పగలగొట్టి, బొచ్చెలకు బొచ్చెలు ఎత్తాడు. "యే దేఖో భాయ్, పూరా బంద్" అన్నాడు. మొత్తం మూసుకుపోయింది.

"బాబా, నసీబ్ ఇదిగో," అన్నాను కఫీల్‌తో, ఆ పుల్లలూ పెంకులూ చూపించి. గట్టి మాటే. ఆయన కోప్పడలేదు. ఒక పెంకు చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "అది అలంకారానికే అనుకున్నాం. ఎప్పుడూ శుభ్రం చేయించలేదు," అన్నాడు.

కట్టెలు వేసి ఉంటే మొదటి రోజే గది పొగతో నిండేది. దగ్గుకుంటూ బయటికి పరిగెత్తేవాళ్లం, చిమ్నీ మూసుకుపోయిందని తెలిసేది. సైనికులకు కనబడకూడదని పొగ రాని బొగ్గులు వెతికాం. అవి మాకూ కనబడకుండా పనిచేశాయి.

మేస్త్రీ పాత గొట్టాలు తీసి, పై నుంచి కొత్త స్టీలు లైనర్ దించి, అతుకులు బిగించి, పైన పక్షులు దూరకుండా జాలీ పెట్టాడు. పరీక్షకు కాగితం తగలబెడితే పొగ తిన్నగా పైకి లాక్కుపోయింది. చిమ్నీ బాగైపోయింది. పెరట్లో అక్క అలాగే నిలబడి ఉంది.

ఊరికి తెచ్చాను. అసలు మూర్ఖత్వం అక్కడ ఎదురుచూస్తోంది. నేను మందుల కోసం కడపకు వెళ్లిన రోజు మా చిన్నాన్న ఒక మంత్రగాణ్ణి తెచ్చాడు. నేను తిరిగి వచ్చేసరికి ఇల్లు బిగించి ఉంది. లోపల మిరపకాయల పొగ. నిప్పుల ముందు అక్కను కూర్చోబెట్టి, తల వంచి పట్టుకున్నారు. మూసిన గదిలో నిప్పులే ఆమెను తిన్నాయి, మళ్లీ గది మూసి నిప్పులే పెట్టారు! తలుపు కాలితో తన్ని తెరిచాను.

"ఆ అరబ్బు ముసిలిది పట్టుకోని వచ్చినాది, వదిలిస్తాండా," అన్నాడు మంత్రగాడు.

"అరబ్బీ దయ్యానికి నీ తెలుగు మంత్రం ఎట్లా అర్థమైతాది?"

"దయ్యాలకు భాషతో పని ల్యా."

"అట్లయితే నోరెందుకు తెరుస్తాండావు? లెయ్!"

చిన్నాన్న మాతో మాట్లాడటం మానేశాడు. మిరప పొగకు ఎర్రబడిన కళ్లతో అక్క నా వైపు చూసింది. ఏడ్వలేదు. ఏడవడం కూడా పోయింది.

హైదరాబాదులో సీటీ స్కాన్ తీశారు. న్యూరాలజిస్ట్ ఫిల్మును వెలుతురుకు పెట్టి మెదడు లోపల, కదలికలను నడిపే చోట రెండు నల్లటి మచ్చలు చూపించాడు. "గ్లోబస్ పాలిడస్. బోత్ సైడ్స్." రికవరీ ఉంటుందా అని అడిగాను. "కొందరికి కొంత వస్తుంది. ఈమెకు ఇంత ఆలస్యంగా... ఎక్స్‌పెక్ట్ చేయకండి," అన్నాడు. బిగుసుకుపోయిన చేతులకు మాత్రలు రాశాడు. కొంచెం వదులయ్యాయి. మిగతాదేమీ మారలేదు.

సంవత్సరాలు గడిచాయి. ఇప్పుడు రాజంపేటలో ఇద్దరం ఉంటాం. నేను తినిపిస్తే తింటుంది, నిలబెడితే నిలబడుతుంది. దేవుడి దయవల్ల బతికి బయటపడిందని చెప్పడానికి ఇప్పటికీ ఎవరో ఒకరు వస్తారు. ఒక్క పూట ఉండి స్నానం చేయించి వెళ్లమంటాను. ఎవరూ ఉండలేదు. ఆమె బాగవుతుందని నేను అనుకోవడం లేదు. అనుకోమని అడిగేవాళ్లతో వాదించే ఓపిక తగ్గింది.

ఒక్క సలహా మాత్రం ఇస్తాను. ముఖ్యంగా గల్ఫులో పాత ఇళ్లలో పనిచేసేవాళ్లకు. చలికాలంలో మొదటి నిప్పు వేయకముందే చిమ్నీని పైనుంచి కిందిదాకా శుభ్రం చేయించమని, లైనర్ చూడమని కఫీల్‌ను అడగండి. తర్వాత నిప్పుగూటి మూతి దగ్గర ఒక అగరుబత్తి వెలిగించి పట్టుకోండి. పొగ గదిలోకి తిరిగిందంటే అక్కడ బొగ్గు కాదు కదా, అగ్గిపుల్ల కూడా గీయవద్దు.

కువైట్ పోయేవాళ్లు చెప్పిపోవడానికి మా ఇంటికి వస్తుంటారు. వాళ్లకు పొయ్యి దగ్గర ఇది చేసి చూపిస్తాను. దేవుడి పటం లేని ఇంట్లో అందుకోసం ఒక అగరుబత్తి కట్ట ఉంటుంది. నేను అగరుబత్తి వెలిగించడం చూస్తే మా అక్క వారం రోజులు నవ్వేది, ఊరంతా చెప్పి నవ్వించేది. ఇప్పుడు మూల కుర్చీలో కూర్చుని, పొగ ఎటు పోతే అటు చూస్తుంది.