బొటనవేలు నొక్కిన బిస్కెట్లు

ఆ రోజుల్లో మెట్‌పల్లి దగ్గరి మా ఊళ్లో బిస్కెట్లు కొనుక్కునేవాళ్లు తక్కువ. పిండి, చక్కెర, నెయ్యి మోసుకుపోయి బట్టీలో కాల్పించుకునేవాళ్లే ఎక్కువ. బట్టీ తాత (ఊరందరికీ తాతే, మా బాపుకు కూడా) ఒక్కో ఇంటి పిండిని ఒక్కో అచ్చుతో కోసేవాడు. కాలాక అన్నీ ఒకే గంపలో పోసి, అచ్చు చూసి ఎవరివి వాళ్లకు ఏరి ఇచ్చేవాడు.

ఆ క్రిస్మస్ ముందు తమ్ముడికి పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం పోయింది గానీ ఆకలి తిరిగి రాలేదు. చేతులు పుల్లల్లా అయ్యాయి, అన్నం చూస్తే మొహం తిప్పుకునేవాడు. ఒక పొద్దున "బిస్కెట్ తింట" అన్నాడు. అవ్వ (మేము అమ్మను అలాగే పిలిచేవాళ్లం) ఆ మాట పట్టుకుని, దాచిన నెయ్యంతా గిన్నెలోకి వంచి నన్ను బట్టీకి పంపింది. "డాల్డా పిండోళ్లు కూడ వస్తరు. కన్ను ఆర్పకుండ చూడు. మారినయంటే పోరడు ముట్టడు" అంది.

నేను కన్ను ఆర్పలేదు. మావి పువ్వు అచ్చు, వరుసలో నా పక్కనున్న, బీడీలు చుట్టే అత్తవి డాల్డా పిండితో ఉత్త గుండ్రాలు. అయినా నాకు నమ్మకం చాలలేదు. తాత కట్టెలు ఎగదోయడానికి వంగగానే, మావేనని తెలిసేలా ఒక్కో పువ్వు మీద బొటనవేలు గట్టిగా నొక్కాను. (కాపలా అంటే అంత కాపలా.) రేకులన్నీ అణిగిపోయాయి. బట్టీలో పొంగి నా వేలిగుర్తులూ పూడిపోయాయి. గంపలో పోసి చూస్తే అన్నీ గుండ్రాలే!

"పువ్వులు ఏడ పోయినయే?" అంది అత్త.

"తమ్ముడు సచ్చిపోతడు!" అని నేను ఏడుపు అందుకున్నాను.

"ఫికర్ చెయ్యకు బిడ్డా, రుచి చూస్తే తెల్వదా?" అని తాత ఒకటి కొరికి, "నెయ్యిదే" అన్నాడు. మిగిలిన ముక్క అత్త నోట్లో వేసుకుని, "కాదు, నా డాల్డా నాకెర్క లేదా?" అంది. వరుసలో ఉన్నవాళ్లంతా తలా ఒకటి తీసుకుని తీర్పు చెప్పసాగారు. తీర్పులు పెరిగాయి, బిస్కెట్లు తగ్గాయి. చివరికి అత్తే గంపకు చెయ్యి అడ్డం పెట్టింది. "సాలు ఆపుండ్రి! పోరని కోసం చేసినయి మీరే తింటరా?" అని, తనవీ మావీ కలిపి నా డబ్బాలోకే ఎత్తిపోసింది. "నేను మల్ల చేసుకుంట తియ్, నువ్వు ఉరుకు."

తమ్ముడు ఒకటి తిన్నాడు. ఇంకొకటి అడిగాడు. అవ్వ వాడి చేతిలోది కాస్త తుంచి నోట్లో వేసుకుని, "గిది డాల్డాది" అంది. కానీ వాడి చేతిలోంచి తీసుకోలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఇప్పుడు మా పాప తినదని నాకు రోజూ దిగులే. బడి డబ్బాకు, మూతకు, చివరికి చెంచాకు కూడా పేరు అంటిస్తాను. మొన్న టీచర్ నవ్వుతూ, "మీ పాప మంచిగనే తింటది మేడం. గాని పక్కపిల్ల డబ్బాలోది" అంది. ఇందాక రేపటి డబ్బాకు పేరు కాగితం పెట్టి నొక్కబోతూ, నా బొటనవేలిని చూసుకున్నాను. నవ్వొచ్చింది. కాగితం పక్కన పెట్టి, డబ్బాలో ఇంకో రెండు బిస్కెట్లు వేశాను.