లూవిషె ఇంటికి తెచ్చుకున్న తుట్టె

అఘుఖు కొండ మీద కందిరీగ వెంట పరుగెత్తడంలో లూవిషెను మించినవాడు లేడని చాలా ఏళ్లుగా పేరు. గోరంత మాంసం ముక్కకు దారం కట్టి, దారం చివర కోడి నూగు ముడివేసి, పుల్లకు గుచ్చి అడవి అంచున కూర్చుంటారు. బొటనవేలంత కందిరీగ వచ్చి ఆ ముక్కను కరుచుకుని గూటివైపు ఎగురుతుంది. ఇక ఆ తెల్లని నూగు మీది నుంచి కన్ను తిప్పకూడదు. ముళ్లున్నా, రాళ్లున్నా, కాలి కింద లోయ ఉన్నా పరుగే. చాలామంది మొదటి వాగు దగ్గరే రొప్పుతూ ఆగిపోతారు. లూవిషె మాత్రం సాయంత్రానికి చొక్కా చింపుకుని, ముఖమంతా గీతలతో, నవ్వుకుంటూ వచ్చేవాడు. అంటే గూడు దొరికిందన్నమాటే.

గ్రామసభ తుపాకులు మూలన పెట్టించి పిట్టలవేట మాన్పించాక ఆ గూళ్లకు విలువ మరీ పెరిగింది. వానలకు ముందు గూడు పిడికెడే ఉంటుంది. దాన్ని రాణీగతో సహా తెచ్చి పెరట్లో గొయ్యి తవ్వి, పైన వెదురు తడిక కప్పి వదిలేస్తే చాలు. ఈగలు అడవికి వెళ్లి తమ మేత తామే తెచ్చుకుంటాయి. కోతలయ్యేనాటికి అది ధాన్యపు బుట్టంత తుట్టె అవుతుంది. అరలనిండా తెల్లగా, కొవ్వుపట్టి, వెన్నముద్దల్లాంటి పిల్లపురుగులు. మంట మిరపకాయ, పులిసిన వెదురు కొమ్ములు వేసి వండితే ఇల్లిల్లూ పండగే. బాలింతకు, జ్వరంపడి లేచినవాళ్లకు ముందు పెట్టేది అదే.

అంత పేరున్న లూవిషెకు కళ్లు మసకబారాయి. ముందు నూగు ఒకటి రెండుగా కనిపించింది. తర్వాత ఆకాశంలో కలిసిపోయింది. ఈ సంగతి అతను పెళ్లాం హెకలికి కూడా చెప్పలేదు. గాలి ఎక్కువగా ఉందన్నాడు, ఈగలు దిక్కు మార్చాయన్నాడు. వరసగా రెండు వసంతాలు ఉత్త చేతులతో వచ్చాడు. పెరట్లో గొయ్యి గడ్డి మొలిచి పూడిపోయింది.

"ఏం బావా, కందిరీగలు నీ మీద అలిగాయా?" అని వరసకు బావమరిది షికుటో అడిగితే, "నేనే వాటి మీద అలిగాను" అని నవ్వి తప్పించుకున్నాడు.

మూడో వసంతంలో ఒక్కడే అడవికి వెళ్లాడు. నూగు కట్టిన ఈగ లేచిన వెంటనే మాయమైంది. ఉన్నచోటే కాసేపు తల పట్టుకు కూర్చుని, ఎవరికీ ఎదురుపడకుండా పోదామని వాగు పక్క లోయలోంచి దిగాడు. అక్కడ ఓక్ చెట్టు వేళ్ల దగ్గర చెవికి తెలిసిన రొద వినిపించింది. వంగి చూశాడు. మట్టి కంతలోంచి ఈగలు వచ్చిపోతున్నాయి. మరుక్షణమే కంత ముందు నేలలో దిగ్గొట్టిన వెదురు పుల్ల, దానికి కట్టిన గడ్డిముడి కనిపించాయి.

గుర్తు పెట్టిన గూడు గుర్తు పెట్టినవాళ్లది. తాతల నాటి నుంచి ఆ కొండ మీద దొంగలు కూడా దాటని గీత అది. పైగా ఆ ముడి ఎవరిదో అతనికి తెలుసు. చేమాకు మోపులకు ఆడవాళ్లు వేసే ముడి. పందుల మేతకోసం అంత లోయలోకి దిగే ఆడమనిషి ఊళ్లో ఒక్కతే, ఊరి చివరింటి జెతోలి.

లూవిషె పైకి ఎక్కి వెళ్లిపోయాడు. సగం దారిలో ఆగాడు. ఆడమనిషి, దీన్ని తవ్వి తీసుకుపోగలదా అనుకున్నాడు. రేపెవడో పట్టుకుపోతాడు, అదేదో నేనే పట్టుకుపోతే ఏం అనుకున్నాడు. ఇలా అనుకుంటూనే వెనక్కి దిగాడు. ఆ పుల్లను పీకి, ముడి విప్పి, వాగులో పడేశాడు. నీళ్లు దాన్ని లాక్కుపోయేదాకా చూశాడు. పొద్దు వాలగానే పొగపెట్టి, గూడు గుడ్డలో చుట్టుకుని ఇంటికి వచ్చాడు.

హెకలి సంతోషం పట్టలేకపోయింది. "చూశారా, మా ఆయన పని అయిపోయిందని గొణిగినవాళ్ల నోళ్లు ఇప్పుడు మూతపడతాయి!" అని పక్కింటికీ ఎదురింటికీ వెళ్లి చెప్పి వచ్చింది.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక మగవాళ్లంతా చర్చి వెనక పాకలో టీ తాగుతున్నారు. జెతోలి అక్కడికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. మగవాళ్ల మధ్య మాట్లాడే అలవాటు లేదేమో, గుమ్మం పట్టుకునే మొదలుపెట్టింది.

"అన్నలారా, వాగు లోయలో నాకొక గూడు దొరికింది. ఈగ వెంట నేనే పరుగెత్తి కనిపెట్టాను. గుర్తు కూడా పెట్టాను. నిన్న వెళితే గుర్తూ లేదు, గూడూ లేదు. ఎవరన్నా చూశారా?"

ముందు షికుటో అందుకున్నాడు. "పందిమేతకు పోయి కందిరీగ వెంట పరుగెత్తావా? సరిగ్గా చూశావా వదినా, మీ పందికే రెక్కలొచ్చాయేమో!"

పాక అంతా నవ్వులు. ఒకడి చేతిలో టీ ఒలికింది. షికుటో లూవిషె వైపు తిరిగి, "ఇంతకీ నువ్వు చెప్పు బావా, ఆ లోయలో గూళ్లు పెడతాయా?" అన్నాడు.

అందరూ అతని మాట కోసం చూశారు. ఆ పాకలో ఆ విషయంలో చివరిమాట అతనిదే. లూవిషె టీ గ్లాసులోకి చూస్తూ, "ఆ లోయలోనా? నీడెక్కువ. అక్కడ పెట్టవు" అన్నాడు. అని, అందరితోపాటు నవ్వాడు కూడా.

జెతోలి అతన్నే చూసింది. కోపంగా కాదు. పెద్దవాడు తప్పు దిద్దితే చూసినట్టు చూసింది. "నువ్వే అంటే ఇక నేనే పొరబడి ఉంటాను అన్నా" అని వెళ్లిపోయింది.

ఆ మాట అతన్ని వదల్లేదు. గూడు తెచ్చినందుకు కలగని సిగ్గు ఆ నవ్వుకు కలిగింది. అన్నం దగ్గర కూర్చుంటే ఆ నవ్వు గుర్తొచ్చేది. చర్చిలో పాట ఎత్తుకుంటే చరణం మరిచిపోయేవాడు.

పెరట్లో తుట్టె మాత్రం రోజురోజుకూ పెరిగింది. ఈగలు దొర్లించిన మట్టి గొయ్యి చుట్టూ గట్టులా లేచింది. పక్క ఊళ్ల నుంచి కూడా చూడటానికి వచ్చారు. "చేతి మహిమ" అన్నారు. హెకలి వచ్చినవాళ్లకల్లా టీ పెట్టి, వాళ్లాయన ఎలా పరుగెత్తి ఉంటాడో తానే చూసినట్టు చెప్పేది. లూవిషె ఏదో పని ఉందని చేనుకు పోయేవాడు. జెతోలి ఎదురొచ్చే దారి మానేసి, చుట్టు తిరిగి వెళ్లేవాడు.

కోతలు ముగిశాయి. తుట్టె తీయడానికి రోజు చూసుకుంటుండగా ఒక పొద్దున జెతోలే వచ్చింది. లోపలికి రమ్మన్నా రాక, అరుగు దగ్గరే నిలబడింది.

"అన్నా, మా అమ్మాయి కివిలికి ప్రసవమైంది. బిడ్డ బాగానే ఉన్నాడు. దానికే రక్తం బాగా పోయింది. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి, పాలు కూడా సరిగా లేవు. నువ్వు తుట్టె తీసినప్పుడు ఒక గిన్నెడు పురుగులు ఇస్తావా? ఊరికే వద్దు. మీ చేలో కలుపు తీసి పెడతాను."

లూవిషె చూపు పెరట్లోని తడిక మీదికి పోయింది. ఆమె సొత్తును ఆమే వచ్చి తన దగ్గర అడుక్కుంటోంది. పైగా కూలి చేస్తానంటోంది. హెకలి లోపలి నుంచి, "కలుపేంటి జెతోలీ, బాలింతకు ఇవ్వడానికి కూలి అడుగుతామా!" అంది. అతను తల ఊపాడు, అంతే.

ఆ సాయంత్రమే తుట్టె తీశాడు. పొగకు ఈగలు మత్తుగా నేలరాలాయి. మరో ఏటికి గూళ్లు పెట్టుకోవాలి కాబట్టి కొత్త రాణీగలు ఉన్న పొరను మాత్రం అలవాటుగా వదిలేశాడు. అన్నిటికన్నా పెద్ద పొర తీసి, చేమాకులో చుట్టి జెతోలి ఇంటికి పంపించాడు. మిగిలింది వండారు. చుట్టాలు వచ్చారు, షికుటో వచ్చాడు. అందరూ లొట్టలేసుకుంటూ తిన్నారు. లూవిషె ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. రెండోది తీసుకోలేదు. పంటి నొప్పి అని చెప్పి లేచిపోయాడు.

తర్వాతి ఆదివారం చర్చిలో కృతజ్ఞతలు చెప్పుకునే వేళ జెతోలి లేచింది. "నా బిడ్డ నిన్న తనంతట తానే పొయ్యి దగ్గరికి నడిచింది. ముఖంలో రక్తం కనిపిస్తోంది. అడగ్గానే ఇచ్చిన లూవిషె అన్నని, ఆ ఇంటిని దేవుడు చల్లగా చూడాలి" అంది. జనమంతా ఆమెన్ అన్నారు. హెకలి కళ్లు తుడుచుకుంది. లూవిషె బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాడు. ఎవరన్నా తనని చెంపదెబ్బ కొట్టినా బాగుండుననిపించింది.

ఆ మధ్యాహ్నమే జెతోలి ఇంటికి వెళ్లాడు. ఆమె దొడ్లో పందులకు చేమాకు ఉడకబెడుతోంది.

"జెతోలీ, ఆ గూడు నీదే" అన్నాడు.

"ఏ గూడు అన్నా?"

"వాగు లోయలోది. నీ గుర్తు పీకి వాగులో పడేసింది నేనే. మీ కివిలికి పంపింది కూడా నీ తుట్టెలోదే."

ఆమె చేతిలో గరిటె ఆగింది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "మరి నీడెక్కువ, అక్కడ పెట్టవు అన్నావు?"

"అన్నాను."

"నవ్వావు కూడా."

"నవ్వాను."

"గూడు పోతే పోయింది, అడవిలో ఇంకోటి దొరుకుతుంది. నేను ఆ రోజు ఇంటికొచ్చి ఏం చేశానో తెలుసా? నా కళ్లనే తిట్టుకున్నాను. నీ అంతవాడు లేదన్నాక లేదనే నమ్మాను. మా ఆయన గట్టిగా అడిగితే, నాకే మతి చలించింది పొమ్మన్నాను. మళ్లీ ఈగ వెంట పోలేదు. నువ్వు నా మతినే దొంగిలించావు, తెలుసా?"

"ఏం ఇమ్మన్నా ఇస్తాను, మా పెద్ద పందిని తోలుకొస్తాను" అన్నాడతను.

"నా దొడ్డి నిండా పందులే ఉన్నాయి. నాకేమీ వద్దు. ఎక్కడ నవ్వారో అక్కడే చెప్పు" అని గరిటె మళ్లీ తిప్పడం మొదలుపెట్టింది. పొమ్మనీ అనలేదు, కూర్చోమనీ అనలేదు.

తర్వాతి ఆదివారం చెబుదామనే పాకలోకి వెళ్లాడు. టీ తాగాడు. మాట పెదవుల దాకా వచ్చి వెనక్కి పోయింది. బయట గుమ్మం దగ్గర జెతోలి కాసేపు నిలబడి, అతని వైపు ఒక్కసారి చూసి వెళ్లిపోయింది. ఆ రాత్రి హెకలికి అంతా చెప్పేశాడు. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. "ఊరంతా తిరిగి చెప్పుకున్నాను కదయ్యా" అంది. వారమంతా అన్నం పెట్టింది గానీ అతని ముఖం చూడలేదు.

మళ్లీ ఆదివారం వచ్చింది. లూవిషె టీ గ్లాసు అందుకోకుండానే నిలబడి చెప్పాడు. గుర్తు పీకానన్నాడు, గూడు జెతోలిదన్నాడు, బదులుగా పంది ఇస్తానన్నా ఆమె వద్దందన్నాడు.

షికుటో పగలబడి నవ్వాడు. "వదిన పందిమాంసం పెట్టి వకాల్తా ఇచ్చిందా బావా?" అన్నాడు. మరో ఇద్దరు నవ్వారు.

"నవ్వకు షికుటో. ఆ రోజు మనం నవ్విన నవ్వే చాలు. నాకు కళ్లు కనబడటం లేదు. మూడేళ్లుగా నూగు కనబడటం లేదు. అది చెప్పుకోలేక దొంగతనం చేశాను. దొంగతనం దాచుకోలేక ఆమెను పిచ్చిదాన్ని చేశాను."

ఇక ఎవరూ నవ్వలేదు. షికుటో చూపు నేల మీదికి దిగింది. ఊరిపెద్ద చాలాసేపు గడ్డం నిమురుకుని, "ఇక మీద నువ్వు గూళ్ల జోలికి పోవద్దు. పంది వద్దందట జెతోలి. ఆ సంగతి ఆమె ఇష్టం" అన్నాడు. గుమ్మం దగ్గర జెతోలి ఉంది. విన్నది. క్షమించానని అనకుండానే తన దారిన వెళ్లిపోయింది.

మరుసటి వసంతంలో షికుటోనే ఆమె ఇంటికి వెళ్లి, "వదినా, నాతో వస్తావా, నా కాళ్లు, నీ కళ్లు" అని అడిగాడట. "నా కాళ్లకేమొచ్చింది?" అని ఆమె ముందు పరుగెత్తిందట. ఆ ఏడు ఇద్దరికీ చెరో గూడు దొరికింది.

లూవిషె జున్హెబొటో పట్నం ఆసుపత్రిలో కళ్లకు ఆపరేషన్ చేయించుకున్నాడు. చూపు బాగానే వచ్చింది. ఎదుటి కొండ మీద ఎండే బట్టలు కూడా లెక్కపెట్టగలడు. రెండేళ్లయ్యాక, ఇక పోవచ్చని ఊరిపెద్ద కబురు పంపినా అతను ఈగ వెంట వెళ్లలేదు. ఎవరన్నా మెలకువలు నేర్పమని వస్తే, "జెతోలిని అడగండి" అంటాడు.

దారిలో ఎదురైతే ఆమె, "బాగున్నావా అన్నా" అని పలకరిస్తుంది. అందరినీ పలకరించినట్టే. "బాగున్నాను" అంటాడతను. ఆమె మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా పక్కకు తొలిగి, తల దించుకునే నిలబడతాడు.