పదికి తెరుచుకోని వాల్వు

ప్రత్యేక రాష్ట్రం కోసం బంద్‌లు జరుగుతున్న రోజుల్లో నేను హైదరాబాద్ రాయదుర్గంలో ఒక ఆఫీసు భవనానికి మెయింటెనెన్స్ సూపర్‌వైజర్‌ని. మాది గుంటూరు వైపు. క్యాంటీన్ వంటకు ఆవిరినిచ్చే చిన్న బాయిలర్ నా బాధ్యతే. దాన్ని నడిపే ఆపరేటర్‌ది పాలమూరు, నాకంటే పదేళ్లు పెద్ద. సెలవు రోజుల్లో ఉద్యమ సభలకు వెళ్లేవాడు, నాతో చెప్పి మరీ.

బాయిలర్ మీద ఒక సేఫ్టీ వాల్వు ఉంటుంది. లోపలి ఒత్తిడి పది కేజీలకు చేరగానే అది తెరుచుకుని ఆవిరిని వదిలేయాలి. సరిగ్గా పదికే తెరుచుకుంటుందో లేదో ఏడాదికోసారి విప్పి, బాలానగర్‌లోని వర్క్‌షాపులో పరీక్ష చేయించి, ఆ తేదీ కొట్టిన రేకు బిళ్ళ కట్టించాలి. ఆ ఏడు పంపాల్సిన వారం బంద్. మేనేజర్ ఫోన్ చేశారు.

"బంద్ అయిపోగానే బాయిలర్ తనిఖీకి వస్తున్నారండీ. పోయినేడు బాగానే ఉందిగా, కొత్త తేదీ వేసి బిళ్ళ కట్టేయండి. తర్వాత చూద్దాం."

ఆపరేటర్ ఒప్పుకోలేదు. "వద్దు సార్. నెల సంది వాల్వు మీట ఎత్తితే లేస్తలేదు. రోడ్లు తెరిచినంక నేనే కొంటవోత. అప్పటిదాంక బాయిలర్ ఆపుదాం."

"ఇంతమందికి వంటెలా?" అన్నాను. రేకు బిళ్ళ మీద తేదీ నా చేత్తోనే కొట్టి వాల్వుకు కట్టాను. బంద్ ముగిసింది. వాల్వు పంపలేదు.

మూడో వారంలో ఒక మధ్యాహ్నం, ఒత్తిడి పెరిగితే బర్నర్‌ను దానంతట అదే ఆపే స్విచ్ పనిచేయలేదు. ఒత్తిడి చూపే ముల్లు పది దాటినా వాల్వు కదల్లేదు. ఆపరేటర్ వంటవాళ్లను బయటికి తరిమి, తాను లోపలికి వెళ్లి బర్నర్ ఆపాడు. తిరిగి వచ్చేలోగా నీటిమట్టం చూపించే గాజు గొట్టం పగిలి, ఆవిరి ముఖాన కొట్టింది.

వాల్వును ఈసారి నేనే బాలానగర్ తీసుకెళ్లాను. మెకానిక్ దాన్ని బల్లకు బిగించి కొద్దికొద్దిగా గాలి ఎక్కించాడు. తొమ్మిది. పది. చెవి దగ్గరపెట్టి విన్నాను, చప్పుడు లేదు. పన్నెండు. పద్నాలుగు దాటాక పేలినట్టుగా తెరుచుకుంది.

"లోపలంత తుప్పే సార్. దీనికి బిళ్ళ ఎవరు కట్టిండ్రు?"

"నేనే."

అక్కణ్నుంచి దవాఖానకు వెళ్లాను. ఆయన కళ్లకు కట్లు. భార్య నన్ను చూసి లేచింది. "డ్యూటీ ఇడిసి మీటింగులకు పోయిండని ఆఫీసోళ్లు రిపోర్టుల రాసిన్రంట గద సార్? ఆ దినం పొద్దుగాల్నుంచి ఆడనే ఉండె."

"సార్‌ను ఏమనకు," అన్నాడు ఆయన మంచం మీద నుంచి. అంతా తెలిసిన మనిషి ఆ మాట అనడం నేను తట్టుకోలేకపోయాను.

మర్నాడు జరిగింది జరిగినట్టు రాసి, సంతకం పెట్టి, మేనేజర్ వద్దంటున్నా తనిఖీ అధికారి చేతికిచ్చాను. రిపోర్టులో ఆపరేటర్ మీద రాసిన మాట కొట్టేశారు. నా ఉద్యోగం పోయింది. ఆయన చూపు తిరిగి రాలేదు.

రాష్ట్రం వచ్చిన ఏడాది పాలమూరు వైపు ఆయన ఊరు వెళ్లాను. గొంతు గుర్తుపట్టి, "కూసో సార్," అన్నాడు. భార్య చాయ్ తెచ్చింది. ఆయన గాలిలోకి చెయ్యి చాపాడు. గ్లాసు అందుకుని ఆ చేతిలో పెట్టాను. వేళ్లు దాని చుట్టూ బిగిసేదాకా వదల్లేదు.