కరుణకుమారి పట్టి చూసిన మెతుకు

నర్సీపట్నం మార్కెట్టు వెనక కుట్టుమిషను పెట్టుకున్న కరుణకుమారికి బైబిలు వ్యాఖ్యానాల పిచ్చి ఉందంటే ఎవరూ నమ్మేవారు కాదు. ఒక్క వచనానికి నాలుగు పేజీల అర్థం చెప్పే లావుపాటి పుస్తకాలవి. పాస్టర్లు చదువుకుంటారు గానీ, జాకెట్లు కుట్టే మనిషికెందుకు?

ఎందుకో ఆమెకే తెలుసు. తొంభై రెండులో ఆమె కొడుకు నలభై రోజులకే పోయాడు. వాళ్లది పసివాళ్లకి బాప్తిస్మం ఇవ్వని సంఘం. ఊహ తెలిసి, నమ్మి, అప్పుడు నీళ్లలో మునగాలి. అత్తగారు పుట్టింది మాత్రం చంటిబిడ్డల నెత్తిన నీళ్లు చిలకరించే సంఘంలో. "బాప్తిస్మం లేకుండా పోయాడు. ఎక్కడున్నాడో ఏటో" అని ఆవిడ ఒక్కసారే అంది. ఆ మాట కరుణ గుండెలో సూదిలా దిగబడిపోయింది.

తొంభై ఎనిమిదిలో సంఘం సభలప్పుడు పందిట్లో పుస్తకాల దుకాణం పెట్టారు. పాస్టరు క్రీస్తురాజుగారు ముందే హెచ్చరించారు. "అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలిసిపోద్ది. బాప్తిస్మం గురించి ఏం రాశాడో చూడండి. మన మాట చెబితే కొనుక్కోండి, లేకపోతే అక్కడే పెట్టేయండి." ఆయన చెయ్యి పడితే ఏ పుస్తకమైనా ఆ పేజీ దగ్గరే తెరుచుకునేది మరి!

కరుణ పట్టి చూసిన మెతుకు వేరు. బైబిల్లో తన పసిబిడ్డ పోయాక దావీదు రాజు, వాడిక రాడు, నేనే వాడి దగ్గరికి పోతాను అన్న చోటు. పాస్టరుగారు కొనుక్కోమన్న 'మన' పుస్తకం తెరిచింది. తనూ చచ్చిపోతానని దావీదు భావం, అంతే అని ఉంది. ఆయన వద్దన్న రకం ఇంకోటి తెరిచింది. "విశ్వాసుల బిడ్డలు దేవుని ఒడిలోనే ఉన్నారు" అని ఉంది. ఓలమ్మో! ఏ దేశంవాడో, ఏ కాలంవాడో, తను ఆగిపోయిన చోటే ఆగి తన కోసమే రాశాడే!

"అది మనది కాదమ్మా" అన్నారు పాస్టరుగారు.

"నా బిడ్డ ఉన్నాడండీ ఇందులో" అని కొనేసింది.

అప్పట్నించీ బిడ్డ పోయిన తల్లి ఎవరొచ్చినా, మిషను సొరుగులోంచి పుస్తకం తీసి ఆ పేజీ చదివి వినిపించేది.

రెండువేల మూడులో మాకవరపాలెం నుంచి రామాయమ్మ వచ్చింది. పుట్టిన మనవడికి జుబ్బాలు కుట్టమని పువ్వుల గుడ్డ ఇచ్చి వారమైంది.

"కుట్టొద్దమ్మా. మొన్న పోయాడు" అంది. "ఆడెక్కడున్నాడని నా కూతురు ఏడుస్తంది. నీ పుస్తకంలో ఏటుందో సెప్పు, ఎల్లి దానికి సెప్తాను" అంది.

కరుణ పేజీ తెరిచింది. చదవబోయి ఆగింది. ఐదేళ్లుగా కళ్లకద్దుకున్న వాక్యం మొదట్లోనే "విశ్వాసుల" అని ఉంది. రామాయమ్మవాళ్లు హిందువులు.

దేవుడేమంటాడోనని భయం వేసింది. అయినా ఆ ఒక్క మాట వదిలేసి, "బిడ్డలు దేవుని ఒడిలోనే ఉన్నారు" అని చదివింది. మాట తీసేసినా వాక్యం ఎక్కడా చిరగలేదు.

"మళ్లీ సదువు తల్లీ" అంది రామాయమ్మ.

కరుణ మళ్లీ అలాగే చదివింది.