లైనక్సులో రాదండి

మా లెక్కల టీచరుగారు పోయేరు. కిందటి వారం, పొద్దున్నే, కంప్యూటరు ముందు కుర్చీలోనే. పాలావిడ కిటికీలోంచి పిలిచి పిలిచి, పలక్కపోయేసరికి ఎదురుగా ఉన్న మా ఇంటికి పరిగెత్తుకొచ్చింది. నేను వెళ్ళేసరికి గ్లాసులో కాఫీ తొరక కట్టేసింది. ఆవిడ ఎప్పట్లాగే చేతులు కట్టుకుని కూచునున్నారు.

మధ్యాహ్నానికల్లా వీధి మొగలో ఫ్లెక్సీ లేచింది. 'సౌమ్యశీలి, మృదుభాషి' అని. అంత ఏడుపులోనూ నాకు నవ్వొచ్చింది. మృదుభాషంట! ఎవరు రాయించేరో గానీ, ఆవిడ క్లాసులో ఒక్కపూట కూచున్నవాళ్ళు మాత్రం అయ్యుండరు. లెక్క తప్పు చేస్తే ఆవిడ కొట్టేవారు కాదు. పలక ఓసారి చూసి, మన మొహం ఓసారి చూసి, "ఇంత తప్పు చెయ్యడానిక్కూడా తెలివుండాలే. నీకది కూడా లేదు" అనేవారు. బెత్తమే నయం.

కాబట్టి ఆవిడ సౌమ్యం గురించి నేను రాయను. లేనిదాని గురించి రాయడానికి ఆ ఫ్లెక్సీ వాళ్ళున్నారు. నాది కొత్తపేటలో జిరాక్సు షాపు, ఆన్‌లైను దరఖాస్తులు నింపే పని. నాకు తెలిసింది ఆవిడ మోడెమ్. దాని గురించే రాస్తాను.

ఆవిడకి లోకంలో ఒక మనిషంటే అస్సలు పడేది కాదు, ఆ మనిషి లేకపోతే ఆదివారం గడిచేది కాదు. కువైట్లో ఇంటిపని చేసే చెల్లెలుగారు. అక్కచెల్లెళ్ళిద్దరూ పెళ్ళిళ్ళు చేసుకోలేదు. ఈవిడ ఇక్కడ పిల్లల్ని తిట్టుకుంటూ, ఆవిడక్కడ ఎవరి పిల్లల్నో పెంచుకుంటూ బతికేసేరు. ఆదివారం పాస్టరుగారి ప్రసంగం అయ్యి గుడి నుంచి రాగానే వీడియో ఫోను. మా వీధి చుట్టూ కొబ్బరితోటలే, ఫోను సిగ్నలు వాటిల్లో చిక్కుకుపోయేది. చెల్లెలి మొహం నోరు తెరిచినట్టే ఆగిపోయేది. "దీనికి నోరు మూయించలేని టెక్నాలజీ ఎందుకే" అని విసుక్కుని, రిటైరైన తర్వాత ఆవిడ ఇంటికి తీగ మీద వచ్చే నెట్టు పెట్టించుకున్నారు.

కంప్యూటరు మాత్రం పాతది. స్కూలు వాళ్ళు పారేస్తుంటే ఇంటికి తెచ్చుకున్నారు. కొత్త విండోసు దాని మీద ఎక్కదన్నారు. "దీనికి వయసైపోయిందిట. నాకూ అదే చెప్పి దండేసి పంపేరు. ఇద్దరం కలిసి ఉంటాం లే" అని, ఎక్కడెక్కడో చదివి, దాంట్లో లైనక్సు వేసుకున్నారు. అదీ ఓ విండోసు లాంటిదే, కాకపోతే ఎవరి దయా అక్కర్లేదు అనేవారు నాతో.

అప్పుడొచ్చేడు కేబులతను, నేనూ అక్కడే ఉన్నాను. మోడెమ్ గోడకి కొట్టేడు, తీగ లాగేడు, కంప్యూటరు తెర చూసేడు. ఇంక అంతే, చేతులు దులుపుకున్నాడు.

"ఇది లైనక్సండి. మా నెట్టు లైనక్సులో రాదండి. విండోస్ వేయించుకోండి, ఆయ్."

"బాబూ, నువ్వు తెచ్చింది తీగేనా?"

"ఆయ్, తీగేనండి."

"తీగ చివర ఏ కంప్యూటరుందో తీగకెలా తెలుస్తుంది నాయనా?"

"మాకలాగే చెప్పేరండి."

"ఎవరు చెప్పేరు?"

"మా సారండి."

"ఆయనకెవరు చెప్పేరు?"

అతను మంచినీళ్ళడిగి తాగేడు. ఆవిడ గ్లాసు వెనక్కి తీసుకుంటూ, "తెలీదు అనడానికి సిగ్గుపడేవాడు రాదు అంటాడే" అన్నారు. అతనికి వినపడేలాగే అన్నారు. అతనలా నిలబడి ఉండగానే, మోడెమ్‌లో కొట్టాల్సిన పేరూ పాస్‌వర్డూ రాబట్టేరు. మోడెమ్‌కి కూడా ఓ పేజీ ఉంటుంది, కంప్యూటర్లో మామూలు వెబ్‌సైటులాగే తెరుచుకుంటుంది. తీగ కంప్యూటరుకి తగిలించి, అందులో ఆ రెండూ కొట్టేరు. నెట్టు వచ్చేసింది. కేబులతను "ఓహో, వచ్చిందండి" అన్నాడు, ఏదో తనే తెప్పించినట్టు.

నేను చప్పట్లు కొట్టబోయేను. ఆవిడ కొట్టిందంతా చెరిపేసి, తీగ పీకేసి నా చేతిలో పెట్టేరు.

"వచ్చింది కదండీ టీచరుగారూ, ఎందుకు పీకేరండీ?"

"నాకొచ్చింది. నీకొచ్చిందా?"

ఇంక చేతులు కట్టుకుని కుర్చీలో వెనక్కి వాలేరు. ఆ భంగిమ నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. ఆ చేతులు ఒకసారి కట్టేసేక మిన్ను విరిగి మీద పడ్డా విప్పేవారు కాదు. అప్పటికి నేను పనీపాటా లేక, ఏ ఉద్యోగమూ రాక, ఇంట్లో అందరి చేతా అక్షింతలు వేయించుకుంటూ ఉన్నాను. ఈవిడ దగ్గర ఇంకో నాలుగు పడ్డాయి. తీగ తప్పు కన్నంలో పెడితే, "కన్నాలన్నీ ఒకటే అనుకోడానికి నువ్వేమన్నా ఎలుకవటే?" అన్నారు. పాస్‌వర్డు తప్పు కొడితే నిట్టూర్చేరు. ఆ నిట్టూర్పు కన్నా ఎలుకే బాగుంది. సాయంత్రానికి నాకూ వచ్చింది. "ఊఁ" అన్నారు. ఆవిడ దగ్గర 'ఊఁ' సంపాదించినవాళ్ళు మా మండలంలో ఎంతమందో లేరు.

నెట్టు పోతే ఏం చెయ్యాలో అప్పుడే నేర్పేరు. అక్షరాలు కొట్టే నల్ల తెర ఒకటి తెరిపించి, అందులో 'పింగ్' అని కొట్టి పిలవమన్నారు. "ఎవరింటికైనా వెళ్తే వాకిట్లో నిలబడి 'ఏవండీ' అంటావా? లోపల మనిషుంటే 'ఆయ్' అంటారు. ఇదీ అంతే. ముందు ఇంట్లో మోడెమ్‌ని పిలు. అది పలికితే వీధిలోకి వెళ్ళి బయటివాణ్ణి, అంటే దూరాన ఉన్న ఏదో ఓ కంప్యూటర్ని, దాని నంబరుతో పిలు. వాడూ పలికితే అప్పుడు పేరు పెట్టి పిలు. ఎక్కడ పలకలేదో తప్పు అక్కడుంది. ఇంట్లోవాళ్ళు పలక్కపోతే ఊరిమీద పడి ఏడవకు. తీగ పట్టుకుని వెనక్కి నడు."

ఇప్పుడు నా షాపులో కంప్యూటర్లన్నీ లైనక్సే. నెట్టు పోయినప్పుడు పక్క షాపులవాళ్ళు మోడెమ్‌ని ఆపుతారు, వెలిగిస్తారు, నెత్తిమీద చరుస్తారు, దండం పెడతారు. ఆవిడ వచ్చి కూచున్న రోజైతే వాళ్ళ వంక చూసి, "ఆపి వెలిగించడం వైద్యం కాదే, ప్రార్థన. ప్రార్థనకి గుడుంది కదా" అనేవారు. ఆవిడే గుళ్ళో ముందు బల్లలో కూచునే మనిషి, అయినా అనేవారు. నేను మాత్రం తీగ పట్టుకుని నడుస్తాను. ఓసారైతే అలా నడుచుకుంటూ తోటలోకి వెళ్ళేను. అక్కడ కొబ్బరి దింపు అవుతోంది. కేబులు వాళ్ళు స్తంభం పాతే ఓపిక లేక చెట్టుకి కట్టిన తీగ మీద గెల పడి తెగింది. చెట్టు మీద తీగ కట్టినవాడి తెలివికి నేనూ ఓ నాలుగు మాటలన్నాను. అంటూంటే నాకే వినపడింది, అది అచ్చం ఆవిడ గొంతు. ఈ నోరు నాకు ఆవిడిచ్చిందే. ఈ కూడూ ఆవిడిచ్చిందే.

ఆవిడ మెత్తబడింది ఒక్క విషయంలో చూసేను. చెల్లెలుగారు కువైట్ నుంచి లేసు గుడ్డ పంపేరు, టీవీ మీద కప్పుకోమని. పనిమనిషి దాన్ని తీసుకెళ్ళి మోడెమ్ మీద కప్పింది. మా వైపు ఇళ్ళల్లో ఏ వస్తువైనా గుడ్డ కప్పితేనే మర్యాద. మోడెమ్ కాలిపోతోంది. "దానికేమైనా పెళ్ళా, ముసుగెందుకే?" అని లాగి విసిరేసేరు. విసిరేసి, కాసేపాగి, తనే వెళ్ళి తీసి దులిపి, మడత పెట్టి బీరువాలో దాచుకున్నారు. ఆదివారం చెల్లెలు తెరమీదకి రాగానే ఎప్పుడూ ఒకటే మాట, "అక్కా, వినపడతందా?" అని. ఈవిడా ఒకటే జవాబు, "వినపడకేం, ఎడారంతా దద్దరిల్లేలా అరుస్తున్నావుగా." ఆ తర్వాత గంటసేపు ఇద్దరూ దెబ్బలాడుకునేవారు. నేను నా వాకిట్లో కూచుని వినేదాన్ని.

ఇంక చివరి రోజు సంగతి.

ఆవిడ పోయిన సంగతి చెల్లెలుగారికి నేనే ఫోను చేసి చెప్పేను. ఆవిడన్నారు, "ఇక్కడ ఇంటి మేడమ్ సెలవివ్వనందే. రేపు మధ్యాహ్నం కాస్సేపు వదుల్తానంది. పెట్టెలో పెట్టేలోగా అక్క మొహం ఒక్కసారి చూపించవే. మట్టేసేసేక ఇంకెక్కడ చూస్తానే." చూపిస్తానండీ అని మాటిచ్చేను.

మర్నాడు భూస్థాపన. కాకినాడ నుంచి ఆవిడ అన్నగారబ్బాయి దిగేడు, నల్ల కళ్ళజోడుతో సహా. బతికుండగా ఆవిణ్ణి చూడ్డానికి ఏనాడూ రాని మనిషి, ఇల్లంతా తనే సర్దించేడు. చుట్టాలొస్తారు కదా, ఇల్లు నీటుగా ఉండాలట. లైవు పెట్టడానికి మనిషిని మాట్లాడేడు. ఎవరనుకున్నారు? ఆ కేబులతనే. ఇప్పుడు పెళ్ళిళ్ళకీ చావులకీ లైవులు పెడుతున్నాడు.

ఫ్రీజరు బాక్సులో ఆవిడ, పక్కనే కంప్యూటరు, ముందు కేబులతను. ఫోనుతో ప్రయత్నించేరు. సగం మొహం వచ్చి ఆగిపోయింది. తీగ నెట్టు రావటం లేదు. అతను అటూ ఇటూ నొక్కి, తల అడ్డంగా ఊపి, ఆవిడ శవం పక్కన నిలబడి మరీ అన్నాడు.

"ఇది లైనక్సండి. లైనక్సులో రాదండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళ బట్టీ ఆదివారం ఆదివారం కువైట్‌తో మాట్లాడింది దేంట్లోరా అనబోయి నోరు నొక్కుకున్నాను. అన్నగారబ్బాయి అందుకున్నాడు. "అత్తయ్యకి ఎన్నిసార్లు చెప్పేనండీ, ఈ డొక్కు పారెయ్యమని. పోనీలెండి. వీడియో తీసి తర్వాత పంపిద్దాం, చిన్నత్తయ్య తీరిగ్గా చూసుకుంటుంది."

తీరిగ్గా చూసుకోడానికి ఇదేమన్నా పెళ్ళి క్యాసెట్టా! అవతల ఆ తల్లి ఎవరి వంటింట్లోనో ఫోను పట్టుకుని నిలబడుంది. ఇవతల పాస్టరుగారు వాచీ చూసుకుంటున్నారు. "లేవండి అక్కణ్ణుంచి" అని కేబులతన్ని లేపి కూచున్నాను.

నల్ల తెర తెరిచి ముందు మోడెమ్‌ని పిలిచేను. పలకలేదు. ఇంట్లోదే పలకటం లేదు, వీళ్ళు ఊరిమీద పడి ఏడుస్తున్నారు. గోడ వంక చూస్తే మోడెమ్ లేదు. తీగలతో సహా అద్దాల బీరువాలో, బొమ్మల మధ్య, నెత్తి మీద లేసు గుడ్డ, ఆ గుడ్డ మీద పూలకుండీ. ఇల్లు నీటుగా సర్దడమంటే ఇదన్నమాట. గుడ్డ లాగితే ఒక్క లైటూ లేదు. దాని కరెంటు వైరు పట్టుకున్నాను. బీరువా వెనక నుంచి, కుర్చీల కింద నుంచి, జనం కాళ్ళ మధ్య నుంచి వంగి నడిచేను. వైరు చివర ఊరికే నేలమీద పడుంది. ఇన్వర్టరు కలిసిన ప్లగ్గు ఆ గదిలో ఒక్కటే, ఎప్పుడూ మోడెమ్ ఉండేది అందులోనే. దాంట్లో వేరే వైరుంది. అది ఫ్రీజరు బాక్సుది.

తీగ పట్టుకుని వెనక్కి నడిస్తే ఆవిడ కాళ్ళ దగ్గరికే వచ్చేను. అక్కడే కూలబడి ఏడిచేను, సిగ్గు లేకుండా.

"మోడెమ్‌కి కరెంటుందో లేదో చూసేరా?" అన్నాను కేబులతన్ని, లేస్తూ.

"ఆయ్... ఉంటుందనుకున్నానండి."

మైకు సెట్టు వాళ్ళ ఎక్స్‌టెన్షన్ బాక్సు లాక్కొచ్చి ఆ ప్లగ్గులో పెట్టి, రెండు వైర్లూ దానికి తగిలించేను. లైట్లు ఒక్కొక్కటే వచ్చేయి. మోడెమ్‌ని పిలిచేను, పలికింది. బయటివాణ్ణి పిలిచేను, పలికింది. పేరు పెట్టి పిలిచేను, అదీ పలికింది. పక్క నుంచి 'ఊఁ' వస్తుందేమోనని ఒక్క క్షణం ఆగేను కూడా, అలవాటు కొద్దీ.

తెరమీద చెల్లెలుగారు కనపడ్డారు. నెత్తిన గుడ్డ కట్టుకుని, వెనకాల ఎవరిదో పెద్ద వంటిల్లు. నేను కంప్యూటరు మీది కెమెరాని వైరుతో సహా ఎత్తి, బాక్సు అద్దం మీదికి వంచి పట్టుకున్నాను. ఆవిడ మొహం, ఛాతీ మీద కట్టిన ఆ చేతులు. ఇంక నువ్వే చూసుకో అన్నట్టు. చెల్లెలుగారు చాలాసేపు అలాగే చూసేరు. తర్వాత మెల్లిగా అన్నారు.

"అక్కా, వినపడతందా?"

మళ్ళీ అడిగేరు, ఈసారి అరిచి. "అక్కా! వినపడతందా?"

కేబులతను నా భుజం పక్కకి వంగి, "సౌండు వెళ్ళటం లేదేమోనండి" అన్నాడు.

నేను మోడెమ్ వంక చూసేను. లైట్లన్నీ పచ్చగానే ఉన్నాయి.