ఎవరూ పిలవని నలభై వరుసలు

ఆఫీసులో ఆవిడకు కత్తెరమ్మ అని పేరు. మొదట చాటుగా అనేవారు, తర్వాత ముఖంమీదే అన్నారు, ఆవిడా నవ్వి ఒప్పుకుంది. ప్రోగ్రామర్లు కూర్చుని ప్రోగ్రాములు రాసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి వాళ్ళ కంపెనీ తయారుచేస్తుంది. అందులో డీబగ్గర్ విండో ఆవిడ వంతు. నడుస్తున్న ప్రోగ్రామును మధ్యలో ఆపి, ఏ వరుస దగ్గర ఆగిందో, లోపల ఏ విలువలున్నాయో చూపించే విండో అది. పదిహేనేళ్ళుగా తలా ఒక చెయ్యి వేసి దాని కోడును అతుకుల బొంత చేసి వదిలేశారు. పైకి పని మారకుండా లోపలంతా తిరగరాయమని మేనేజరు ఈవిడ నెత్తిన పెట్టాడు.

ఎవరూ పిలవని కోడు, అంటే మిగతా కోడులో ఎక్కడా వాడుకోని ముక్క, కనిపిస్తే చాలు, ఆవిడకు ఒళ్ళు మండేది. పిలిచేవాళ్ళు లేరని తేలగానే తీసి అవతల పారేసేది. "ఉండనివ్వండి మేడమ్, ఎందుకు పెట్టారో ఏమో" అని పక్క సీటు అమ్మాయి నసిగితే, "ఎందుకో రాసి చావని పాపం వాళ్ళది, మనం మొయ్యాలా?" అనేది. అలా పోయినవాటిలో నలభై వరుసల ముక్క ఒకటుంది. ప్రోగ్రాము ఆగినప్పుడల్లా, ఆగిన చోటును ఒక వాక్యంగా కట్టి, తెరమీద కనపడని పెట్టెలో వేసేది. ఆ పెట్టెను తెరిచి చదివే కోడు ఎక్కడా లేదు. కనపడని చోట వాక్యం ఎవడికి? తీసేసింది. కోడుకు పెట్టే పరీక్షలన్నీ పాసయ్యాయి. కొత్త వెర్షన్ విడుదలైంది.

ఆవిడ తమ్ముడికి ఇరవై రెండో ఏట చూపు పోయింది. అయినా పట్టుబట్టి, తెరమీది రాతను చెవిలో చదివి వినిపించే సాధనంతో ప్రోగ్రామరయ్యాడు. ఉద్యోగం వేరే కంపెనీలో, పని మాత్రం అక్కవాళ్ళ సాఫ్ట్‌వేర్‌తోనే. తమ్ముడంటే ఆవిడకు ప్రాణం. చొక్కాలు కొనేది, రోజూ ఫోను చేసేది. అతను పనిచేస్తుంటే పక్కన ఒక్క పూట కూర్చున్న పాపాన మాత్రం పోలేదు.

విడుదలైన ఏడు వారాలకు, ఒక ఆదివారం మధ్యాహ్నం ఆవిడ తమ్ముడింటికి వెళ్ళేసరికి అతను మంచంమీద ఊరికే కూర్చుని ఉన్నాడు.

"ఉద్యోగం పోయిందక్కా," అన్నాడు. "డీబగ్గర్ మాట్లాడ్డం మానేసింది. ప్రోగ్రాము ఆగేది, ఎక్కడాగిందో చెప్పేది కాదు. ఒక్కో తప్పు పట్టుకోడానికి రెండేసి రోజులు. వాళ్ళు మాత్రం ఎన్నాళ్ళు చూస్తారు?"

కనపడని పెట్టె, తమ్ముడి చెవిలో చదివే ఆ సాధనం కోసమని ఆవిడకు ఇప్పుడు తెలిసింది.

"నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదరా."

"ఆ మాట్లాడ్డం నువ్వు పెట్టిందే కదా. నాకోసం మా అక్క పెట్టిందని ఆఫీసులో అందరికీ చెప్పుకున్నా. నువ్వెందుకు తీస్తావు? నేనే ఏదో తప్పు నొక్కుతున్నాననుకుని, మళ్ళీ మొదట్నించీ నేర్చుకుంటూ కూర్చున్నా."

అవునని ఊరుకుంటే ఆ నమ్మకం ఒక్కటైనా అతనికి మిగిలేది. ఆవిడ వల్ల కాలేదు.

"నేను పెట్టలేదురా. ఎవరు పెట్టారో కూడా నాకు తెలీదు. తీసేసింది మాత్రం నేనే."

అతను లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"రేపే మళ్ళీ పెట్టేస్తాను," అంది ఆవిడ.

"పెట్టక్కా," అన్నాడు. "నాలాంటివాళ్ళు ఇంకా ఎవరైనా ఉద్యోగాల్లో ఉంటే, వాళ్ళకైనా పనికొస్తుంది."